మావాడూ, శెనక్కాయలూ

మాది కదిరి పక్కన ఒక పల్లె. అనంతపురం జిల్లా అని చెప్పుకుంటూ పెరిగాను, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. పేరేదైతేనేం, శెనక్కాయలు తప్ప ఇంకోటి పెద్దగా పండని నేల. నా ఇంజినీరింగు ఫీజు, అక్క పెళ్ళి, నేను అమెరికా వచ్చిన విమానం టికెట్టు, అన్నీ ఆ కాయల్లోంచి వచ్చినవే. అలాంటి ఇంటి మనవడికి శెనక్కాయ తింటే ప్రాణం మీదికొస్తుందని చెబితే మా నాయన చాలాసేపు ఫోన్లో ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మన కాయలైనా అంతేనా?" అన్నాడు. ఏం చెప్పమంటారు!

మావాడు 2005 నవంబరులో న్యూజెర్సీలో పుట్టాడు. కాన్పుకి అమ్మ వచ్చింది, ఆర్నెల్లు ఉంది. మూడో నెలకే బుగ్గలు ఎర్రబడి, పొట్టు రేగి, ఆ తర్వాత మోచేతులూ మోకాళ్ళ మడతలూ. డాక్టరమ్మ చూసి ఎగ్జిమా అంది. అమ్మ చూసి "వేడి చేసింది" అంది. రాత్రిళ్ళు గీరుకోకుండా చేతులకి సాక్సులు తొడిగేవాళ్ళం. నేను సోమవారం పొద్దున ఫ్లైటెక్కి క్లయింటు ఊరికి పోయి గురువారం రాత్రికి వచ్చే బాపతు కన్సల్టెంటుని. కాబట్టి "తొడిగేవాళ్ళం" అనడం అబద్ధం. మా ఆవిడా, అమ్మా తొడిగేవాళ్ళు.

ఎగ్జిమా ఉన్న పిల్లాడు, పైగా మా ఆవిడకి ఆస్తమా ఉంది కాబట్టి, మూడేళ్ళు వచ్చేదాకా శెనక్కాయలు పెట్టొద్దు, పాలిచ్చినన్నాళ్ళూ తల్లి కూడా తినొద్దు అన్నారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2000లో చెప్పిన మాట అది. మేం అక్షరం పొల్లుపోకుండా పాటించాం. మే నెలలో అన్నప్రాసనకి అమ్మ పాయసంతో పాటు శెనక్కాయల ఉండ కొంచెం నలిపి నాలిక్కి రాస్తానంది. నేను అరిచాను. "మన ఊర్లో పిల్లోల్లంతా ఇయి తిని పెరగలేదా? ఆ డాక్టరు యా ఊరోడురా?" అంది. గిన్నె తీసుకెళ్ళి సింకులో పెట్టేసింది. పాపం, ఆ తర్వాత ఆ మాటెత్తలేదు.

2007 వినాయక చవితికి తెలిసినవాళ్ళింటికి భోజనానికెళ్ళాం. గుత్తివంకాయ కూర. అడగకుండా పెట్టలేదు సుమండీ! "ఇందులో శెనక్కాయలేమన్నా వేశారా?" అని నేనే అడిగాను. ఆవిడది కరీంనగరు. "శనగలు వెయ్యలేదండీ" అంది. వాళ్ళకవి పల్లీలు, మా ఆవిడ గుంటూరు వాళ్ళకి వేరుశనగ గుళ్ళు, మాకు శెనక్కాయలు. ఒక్క తెలుగులో మూడు పేర్లు! రెండు ముద్దలు తిన్నాడో లేదో పెదవులు ఉబ్బాయి, ఒళ్ళంతా దద్దుర్లు, వాంతి, ఆపైన గొంతులోంచి వింత శబ్దం. 911. అంబులెన్సులోనే తొడకి ఎపినెఫ్రిన్ ఇచ్చారు. నిమిషాల్లో ఊపిరి కుదుటపడింది. ఆ నిమిషాల గురించి రాయను, రాయలేను.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "పిల్లాడికి ఎగ్జిమా ఉందా?" అని. చర్మానికీ, గొంతు వాయడానికీ ఏమిటి సంబంధం అనుకున్నాను. ఆ తర్వాత అలెర్జీ డాక్టరు "అటోపిక్ మార్చ్" అన్నాడు. మార్చి నెలలో పుప్పొడి ఎక్కువ కదా, దాని గురించనుకుని బుద్ధిగా తలూపాను. అది నెల కాదు, కవాతు. ముందు ఎగ్జిమా, వెనకాలే తిండి అలెర్జీలు, ఆపైన ఆస్తమా, తర్వాత ముక్కు కారే పుప్పొడి జ్వరం. అందరు పిల్లల్లోనూ ఇదే వరసలో రావు, చాలామందికి అన్నీ రానే రావు. మావాడు మాత్రం క్రమశిక్షణ గల సైనికుడిలా వరస తప్పకుండా నడిచాడు. నాలుగో ఏట పిల్లికూతలు, నెబ్యులైజరు. ఏడో ఏట ఏప్రిల్ వస్తే కళ్ళు నులుముకోవడం, తుమ్ములు. నిద్ర సరిగ్గా లేక క్లాసులో దిక్కులు చూస్తుంటే టీచరు ఏడీహెచ్‌డీ పరీక్ష చేయించమంది. ఎగ్జిమాతో నిద్ర చెడిన పిల్లల్లో అదీ ఎక్కువ కనిపిస్తుందట.

మా భాషలో చెప్పాలంటే నాలుగు టికెట్లు నాలుగు టీములకి వెళ్ళాయి. చర్మం డాక్టరు ఒకటి, ఊపిరితిత్తుల డాక్టరు ఒకటి, అలెర్జీ ఒకటి, ముక్కూ చెవీ గొంతూ ఒకటి. ఎవరి టికెట్టు వాళ్ళు మూసేసేవాళ్ళు. కొన్నాళ్ళకి మళ్ళీ తెరుచుకునేది. బగ్గు ఉన్నది ఫైర్‌వాల్లో. చర్మాన్ని గట్టి గోడలా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీను జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా పెరుగుతుందని 2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయం వాళ్ళు తేల్చారు. ఎగ్జిమా ఉన్న ప్రతివాళ్ళకీ ఇదే కారణం కాదు గానీ, గోడకి బీటలు పడటం మాత్రం అందరికీ ఉన్నదే.

ఇక్కడిదాకా నేను అందరికీ చెప్పేదే. ఇకపైది చెప్పనిది.

2015లో లండన్ నుంచి లీప్ అని ఒక పరిశోధన వచ్చింది. తీవ్రమైన ఎగ్జిమా గానీ, గుడ్డు అలెర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లలు, నాలుగు నుంచి పదకొండు నెలల వాళ్ళు. సగం మందికి శెనక్కాయలు పెట్టారు, సగం మందికి మానిపించారు. అయిదేళ్ళు వచ్చేసరికి మానినవాళ్ళలో నూటికి 17 మందికి అలెర్జీ, తిన్నవాళ్ళలో 3 మందికి. పిల్లల డాక్టర్ల సంఘం పాత మాటని 2008లోనే వెనక్కి తీసుకుంది. అప్పటికి మావాడి కథ అయిపోయింది. ఆ వ్యాసం చదివి సింకులో పెట్టిన గిన్నె గుర్తొచ్చి ఆఫీసు పార్కింగ్‌లో కార్లో కూర్చుండిపోయాను. అమ్మే రైటు!

అలా అనుకుని ఊరుకుంటే బాగుండేది. నాకు లాగులు పూర్తిగా చదివితే గానీ నిద్ర పట్టదు. ఆ పరిశోధన వెనకున్న గిడియన్ లాక్ ఎప్పట్నుంచో ఒకటి చెబుతున్నాడు. నోటి ద్వారా వెళ్ళిన తిండిని శరీరం తనదనుకుంటుందట, బీటలు పడిన చర్మం ద్వారా వెళ్ళినదాన్ని శత్రువనుకుంటుందట. బ్రిటన్‌లో పసిపిల్లల దద్దుర్ల మీద శెనగనూనె కలిసిన క్రీములు రాయడానికీ, ఈ అలెర్జీకీ సంబంధం కనబడిందని 2003లోనే ఆయన బృందం రాసింది.

అమ్మ ఊరి నుంచి వచ్చేటప్పుడు మా గానుగ శెనగనూనె డబ్బా తెచ్చింది. రోజూ పొద్దున కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఒళ్ళంతా రుద్దేది. పొట్టు రేగిన చోట ఇంకాస్త ఎక్కువ. బాగా శుద్ధి చేసిన నూనెలో ప్రొటీను దాదాపు ఉండదు, గానుగ నూనెలో ఉంటుంది. అంటే నోటికి వద్దన్నది నేను, ఒంటికి రాసింది అమ్మ. కూడబలుక్కున్నట్టు! ఇందులో నూనె వాటా ఎంత, మా ఆవిడ వైపు జన్యువుల వాటా ఎంత అని ఎవరూ లెక్కగట్టి చెప్పలేరు. నేను మాత్రం రాత్రిళ్ళు లెక్కగడుతూనే ఉంటాను.

2018లో డాలస్‌లో తమ్ముడికి కూతురు పుట్టింది. దానికీ బుగ్గలు ఎర్రబడ్డాయి. వాడికి ఫోన్ చేసి నూనె ఏదీ రాయొద్దు, వాసన లేని తెల్ల క్రీము దట్టంగా పట్టించు, ముందు అలెర్జీ డాక్టరు దగ్గరికి పో అన్నాను. (ఇంట్లో సొంత ప్రయోగం చెయ్యకండి, గుళ్ళు అసలే పెట్టకండి, గొంతుకి అడ్డం పడతాయి.) అయిదో నెలలో పరీక్ష చేసి, డాక్టరు గదిలోనే పీనట్ బటర్ నీళ్ళగా కలిపి నాకించారు. తమ్ముడు వీడియో పంపాడు. చప్పరించి ఇంకా కావాలని ఏడుస్తోంది. మా ఆవిడ చూసి లేచి లోపలికెళ్ళిపోయింది.

మావాడు పదమూడో ఏట జులైలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకునేవాడు. ఈతకి రానన్నాడు, ఫొటోల్లోకి రానన్నాడు. ఒళ్ళు చూసుకుంటూ వచ్చిన మేం మనసు సంగతి ఆలస్యంగా చూశాం. 2019లో డ్యుపిలుమాబ్ సూదిమందుకి ఆ వయసు పిల్లలకీ అనుమతి వచ్చింది. ఇన్సూరెన్సు వాళ్ళు రెండుసార్లు కాదన్నాక మూడోసారి ఒప్పుకున్నారు. రెండు వారాలకో సూది. కొన్నాళ్ళు కళ్ళు ఎర్రబడ్డాయి గానీ, చర్మంతో పాటు ఆస్తమా కూడా తగ్గింది. రెండూ ఒకే బగ్గని అప్పుడు నాకు నిజంగా నమ్మకం కలిగింది. శెనక్కాయ మాత్రం అలాగే ఉంది. జేబులో ఎపిపెన్ లేకుండా గడప దాటడు.

ఇప్పుడు వాడికి ఇరవై ఏళ్ళు. పోయినసారి ఊరెళ్ళినప్పుడు నాయన కళ్ళంలోంచి వచ్చి, బావి దగ్గర రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, అప్పుడు మనవణ్ణి పట్టుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. ఇంట్లో పొద్దుతిరుగుడు నూనె వాడుతున్నారు.

మొన్న ఆదివారం ఫోన్లో అమ్మ అడిగింది.

"బిడ్డకి ఒళ్ళు ఎట్లుందిరా? చలికాలం పొట్టు రేగుతాందా?"

"లేదమ్మా, బాగుంది."

"తినేదానికి పనికిరాకపోతే పోనీ, ఒంటికన్నా మన నూనె రాయొచ్చు గదరా. చిన్నప్పుడు నేను రుద్దితే గీరుకోకుండా నిద్రపోతాండె."

"ఔనమ్మా, నిద్రపోయేవాడు" అన్నాను.