గంట కొట్టని బడి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. ఫోనులో ఇంగ్లీషు నేర్చుకున్న నా అనుభవం మీకు పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన హాస్టల్లో ప్రతిదానికీ గంట ఉంటుంది. నిద్ర లేవడానికి, ప్రార్థనకు, భోజనానికి, స్టడీ అవరుకు కామాటి అన్న గంట కొడితేనే కదులుతాం. ఆ క్రమశిక్షణే మనల్ని ఇంతదాకా తెచ్చింది. అయితే గంట కొట్టేవారు లేనిచోట ఎలా చదువుతాం? 2020 మార్చిలో కరోనా వల్ల హాస్టళ్ళు మూసినప్పుడు ఆ ప్రశ్న నా ముందుకొచ్చింది.

అప్పటికి నేను డిగ్రీలో ఉన్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మా ఇంటికంతా ఒకటే స్మార్ట్‌ఫోను. ఆ సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్ళలో బడిపిల్లలకు పాఠాలు మొదలయ్యాయి. మాకు టీవీ లేదు కాబట్టి పగలంతా ఫోను తమ్ముడిదే. అందరూ పడుకున్నాక, రాత్రి తొమ్మిదిన్నరకు నా వంతు. ఆ రోజు డేటాలో ఎంత మిగిలితే అంతే నా బడి.

ఫోను పాఠంలో ఒక సుగుణం ఉంది. పదిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోదు. తప్పు పలికితే నవ్వదు. మనలో చాలామందికి ఇంగ్లీషు రాకపోవడం కన్నా నవ్వుతారేమోనన్న భయమే పెద్ద అడ్డంకి. సమాధానం తెలిసి కూడా క్లాసులో నోరు మెదపని వాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. ఇంటి అరుగు మీద, చీకట్లో ఒక్కణ్ణే మాట్లాడుకుంటుంటే ఆ భయం కొద్దికొద్దిగా వదిలింది.

అయితే ఫోను గుర్తు చేస్తుందే గాని మందలించదు. వేలితో పక్కకు నెట్టేస్తే అంతే సంగతులు. అక్కడే మన స్వతంత్రం తేలుతుంది.

బీబీసీ 1943 నుంచి ఇంగ్లీషు పాఠాలు ప్రసారం చేస్తోంది. ఇప్పుడవి ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ‘సిక్స్ మినిట్ ఇంగ్లీష్’ నాకు బాగా ఉపయోగపడింది. మొదట ఊరికే వినేవాణ్ణి. రెండోసారి విన్నది విన్నట్టు నోటుబుక్కులో రాసి, వాళ్ళిచ్చిన రాతప్రతితో సరిచూసుకునేవాణ్ణి. తర్వాత నా గొంతు రికార్డు చేసి వినేవాణ్ణి. అలా కొన్ని సంగతులు తెలిశాయి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అందుకే మన నోట బస్ బస్సవుతుంది, పెన్ పెన్నవుతుంది. మనకు క్రియ వాక్యం చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్మ కంటే ముందే వస్తుంది. ‘ఎ’, ‘ది’ లాంటివి మనకు లేనే లేవు. ఇదంతా మన తెలివితక్కువతనం కాదు, మన భాష నడిచే తీరు అని తెలిశాక సగం బరువు దిగింది. యాప్ తప్పని గుర్తు పెడుతుంది గాని ఎందుకు తప్పో ప్రతిసారీ చెప్పదు. ఆ ‘ఎందుకు’ మనం వెతుక్కోవాలి.

భాషాబోధన గురించి రాసిన హెన్రీ హోలెక్ 1981లో అచ్చయిన పుస్తకంలో, తన చదువు బాధ్యత తాను తీసుకోగలగడమే విద్యార్థి స్వతంత్రత అన్నాడు. అది పుట్టుకతో రాదు, నేర్చుకుంటే వస్తుంది అని కూడా అన్నాడు. పుట్టుకతోనే అన్నీ తేలిపోతాయని వినీ వినీ పెరిగిన మనకు ఈ మాట విలువ వేరే చెప్పాలా?

స్వతంత్రం అంటే ఒంటరితనం కాదు. నా రూమ్మేట్లలో ఒకడు ‘సారు చెప్తేనే వస్తుంది’ అనేవాడు. ఇంకొకడు యాప్‌లో రెండు వందల రోజులు వరసగా హాజరు వేయించుకున్నాడు గాని నాలుగు వాక్యాలు కలిపి మాట్లాడలేకపోయేవాడు. ముగ్గురం కలిసి ప్రతి ఆదివారం ఫోనులో పది నిమిషాలు ఇంగ్లీషులోనే మాట్లాడుకోవాలని నియమం పెట్టుకున్నాం. మొదటి వారం మొత్తం నవ్వులే. నాలుగో వారానికి మాటలొచ్చాయి.

2022లో హైదరాబాదులో నా మొదటి ఇంటర్వ్యూ. ఒక ప్రశ్న అర్థం కాలేదు. తల దించుకోకుండా, దయచేసి మళ్ళీ అడగండి అని ఇంగ్లీషులోనే అన్నాను. వాళ్ళు మళ్ళీ అడిగారు, నేను చెప్పాను. ఆ ఉద్యోగం రాలేదు. మూడు నెలల తర్వాత ఇంకోచోట వచ్చింది. కానీ నా భయం పోయింది మాత్రం ఆ మొదటి రోజే.

తమ్ముళ్ళూ! రోజూ ఇరవై నిమిషాలు చాలు, కానీ ఆ ఇరవై నిమిషాలు మీరే పెట్టుకోండి. వినండి, రాయండి, పైకి చదవండి, ఒక తోడు వెతుక్కోండి. ఇంకొక్క మాట. స్వయంకృషి ఉంటే చాలని ఎవరైనా అంటే కంప్యూటర్లు, నెట్టు, ఇంగ్లీషు ట్యూటరు అడగడం మానకండి. కృషి మన బాధ్యత, సౌకర్యాలు మన హక్కు.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి