సముద్రం పక్కన మంచినీళ్ల వేట

తుర్కియే దక్షిణ తీరాన ఫెతియే దగ్గర్నుంచి అంతాల్యా దాకా కొండల మీదుగా సాగే కాలిబాట లిసియన్ వే. అది నడిచొచ్చిన వాళ్లెవరిని కదిపినా ముందు సముద్రం రంగే చెబుతారు. ఆ నీలంలో అతిశయోక్తి ఏమీ లేదు. కానీ వీపున మూటతో ఎండలో ఎక్కేవాడికి ఆ నీళ్లతో పనేముంది? ఎడమ పక్క బోడి సున్నపురాయి కొండ, కుడి పక్క కనుచూపు మేరా మధ్యధరా, నా సీసాలో రెండు గుక్కలు. ప్రయాణమంతా ఇంచుమించు అదే పరిస్థితి.

దారి పొడవు సుమారు 540 కిలోమీటర్లు. ఇంగ్లండు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కేట్ క్లో అనే ఆవిడ పాత తోవలు వెతికి ఒకదానికొకటి కలిపి, రాళ్ల మీద ఎరుపు తెలుపు చారలు గీయించి, 1999లో దీన్ని నడిచేవాళ్ల చేతిలో పెట్టింది. కొత్తగా వేసిన బాట తక్కువ. మేకలు తిరిగిన జాడలు, రోమన్ల నాటి రాతి దారులు, మందలు తోలుకుని వేసవిలో కొండెక్కే యోరుక్ సంచారుల తోవలు, అన్నీ కలిస్తే ఈ బాట. ఆ పాత తోవలు నీళ్లున్న చోటికే పోతాయని నడిచే కొద్దీ తెలిసింది.

ఒవాజిక్‌లో బయల్దేరితే తల మీద బాబాదా కొండ, దాని మీంచి దూకి తేలుతున్న పారాగ్లైడర్లు. మొదటి సర్నిచ్ ఆ కొండ పక్కనే కనిపించింది. వాననీళ్లు నిలవ చేసుకునే రాతి తొట్టి అది, పైన కుండ బోర్లించినట్టు గుమ్మటం. చుట్టుపక్కల బండ మీద కురిసిన వాన సన్నటి కాలువల్లో జారి లోపలికి దిగుతుంది. పక్కన చిన్న ద్వారం, తాడు కట్టిన చేద. తోడితే ఆకులూ పురుగులూ వచ్చాయి, ఓసారి కప్ప కూడా. గుడ్డలో వడకట్టి, క్లోరిన్ బిళ్ల వేసి, పది రకాలుగా ఆలోచించి తాగాను. ఏమీ కాలేదు.

ఆ పైన ఒక కొండ ఊళ్లో రాత్రికి చోటిచ్చిన పెద్దావిడ, మనవడి ఫోన్‌లో అనువాదం పెట్టించుకుని, "ముందు టీ తాగు నాయనా, నడక సంగతి తర్వాత," అంది. ఇంటికి పైపు వచ్చినా పెరటి సర్నిచ్‌ను ఇప్పటికీ ఏటా కడిగిస్తుందట. పైపును నమ్మదు. ఆ మాటకు నేను తలూపాను. మా ఊళ్లో చెరువు పూడ్చుకుని కుళాయిని నమ్ముకున్నవాళ్లం కదా మరి.

క్సాంథోస్ శిథిలాల దగ్గర మనసు కాస్త చేదయింది. ఈ తీరానికి పాతకాలపు పేరు లిసియా. అందులో ఇదొక మహానగరం, 1988 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. 1840ల్లో చార్ల్స్ ఫెలోస్ అనే ఇంగ్లిష్ యాత్రికుడు ఇక్కడి శిల్పాలను ఓడలకెక్కించి లండన్ చేర్చాడు. ఎత్తయిన హార్పీ సమాధి చుట్టూ ఇప్పుడున్నవి నకళ్లే. ఆ దశకంలోనే, 1845లో, వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి మన అమరావతి స్తూపం దగ్గర తవ్వించాడు. ఆ శిల్పాలదీ అదే దారి. ఇవాళ రెండు ఊళ్ల రాళ్లూ బ్రిటిష్ మ్యూజియంలో ఒకే కప్పు కింద ఉన్నాయి. గుంటూరు వైపు నుంచి వచ్చినవాడికి ఆ నకళ్ల ముందు నిలబడితే ఇంకేం గుర్తొస్తుంది?

అక్కణ్ణుంచి బాట కొన్నిచోట్ల పాత నీటికాలువ పక్కనే నడుస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది దెలిక్‌కెమెర్. పతారా రేవుకు నీళ్లు తేవడానికి మధ్యలో లోయ అడ్డం. రోమన్ ఇంజినీర్లు లోయకు అడ్డంగా గోడ కట్టి, నడిమి తొలిచిన బండరాళ్లను ఒకదాని నోట్లో ఒకటి బిగించి గొట్టంలా పేర్చారు. ఇవతలి గట్టున దిగిన నీళ్లు ఆ బరువుతోనే అవతలి గట్టెక్కేవి. తలకిందుల సైఫన్ అన్నమాట. నేను ఆ రంధ్రంలో చెయ్యి పెట్టి చూశాను. లోపలి అంచు ఎంత గుండ్రంగా ఉందో! కింద పతారాలో లిసియా నగరాల ప్రతినిధులు కూర్చున్న సభామందిరం ఉంది, మైళ్ల కొద్దీ ఇసుక తీరం ఉంది. ఫొటోలు మాత్రం గొట్టపు రాళ్లవే ఎక్కువ తీశాను.

కాష్, సిమెనా, నీళ్లలో మునిగిన కెకోవా గోడలు అందమైనవే, పడవల్లో వచ్చే జనమూ ఎక్కువే. దెమ్రేలో సెయింట్ నికొలస్ పేరు మీద శాంతాక్లాజ్ బొమ్మల బేరం, ఊరి చుట్టూ టమాటా పండించే గ్రీన్‌హౌస్‌లు. ఫినికె తర్వాత తారు రోడ్డు వెంబడి నడక. దాన్ని బస్సులో దాటేశాను. అడుగడుగూ నడిచి తీరాలనే పట్టుదల నాకు లేదు.

గెలిదోన్యా దీపస్తంభం దాటి చిరాలి చేరాక రాత్రి యానార్‌తాష్ ఎక్కాను. బండ పగుళ్లలోంచి సహజవాయువు వచ్చి వేల ఏళ్లుగా మండుతోంది. మంటల పక్కన కుర్రాళ్లు సాసేజ్‌లు కాల్చుకుంటున్నారు! మర్నాడు ఆ కొండ దాటితే ఉలుపినార్: ఊటలు, వాగులు, నీళ్ల మీద బల్లలు వేసిన చేపల హోటళ్లు. ఇన్నాళ్లూ గుక్కలు లెక్కపెట్టుకున్నవాణ్ణి, అక్కడ బూట్లు విప్పి మోకాళ్ల దాకా దిగిపోయాను.

బేయ్‌జిక్ పైన దేవదారు అడవి, కనుమలో ఏప్రిల్‌లోనూ కరగని మంచు. పక్కనున్న తహతాలి శిఖరం 2,300 మీటర్ల పైమాటే. ఊపిరాడక పైకి చేరితే కేబుల్ కారులో వచ్చిన కుటుంబం చెప్పులేసుకుని ఐస్‌క్రీమ్ తింటోంది. వాళ్లనేమంటాం? నేనూ ఒకటి కొనుక్కున్నాను.

గెయిక్‌బాయిరిలో బాట ఆగింది. రాతిగోడలెక్కే కుర్రకారు తాళ్లు చుట్టుకుంటున్నారు, నన్నెవరూ పట్టించుకోలేదు. కొట్లో చల్లటి అయ్‌రాన్ మజ్జిగ తాగి, అంతాల్యా వెళ్లే మినీబస్సు ఎక్కాను. డ్రైవరు నా బూట్లకేసి ఓసారి చూసి, చార్జీ పుచ్చుకుని, చిట్టచివరి సీటు చూపించాడు.