పసుపు పూసిన అట్టపెట్టె

కిందటి అక్టోబరులో మా పాప హాలోవీన్‌కి స్పాంజ్‌బాబ్ వేషం వేస్తానని పట్టుపట్టింది. తెలియనివాళ్ళకి చెప్తాను: పచ్చగా, నలుచదరంగా, ఒళ్ళంతా చిల్లులతో, సముద్రం అడుగున అనాసపండు ఇంట్లో కాపురముండే కార్టూన్ స్పాంజి అతను. 1999 నుంచీ టీవీలో వస్తూనే ఉన్నాడు. ఇక్కడ టెక్సాస్‌లో సెప్టెంబరు నుంచే షాపుల్లో రెడీమేడ్ వేషాలు వేలాడదీసేస్తారు. పాప చూపించింది 35 డాలర్లు. మామూలు రోజుల్లో అయితే గొణుక్కుంటూనైనా కొనేదాన్ని.

అవి మామూలు రోజులు కావు. సెప్టెంబరు 20తో మావారి ఉద్యోగం పోయింది. హెచ్1బి వీసావాళ్ళకి అక్కణ్ణించి మహా అయితే 60 రోజులు గడువు. ఈలోగా ఇంకో కంపెనీ మన పేరున పిటిషన్ వెయ్యకపోతే మా బోటివాళ్ళం సామాను సర్దుకోవాల్సిందే. నాకా, ఇక్కడ పని చేసే అనుమతి లేదు. ఊళ్ళో అమ్మకి చెప్పలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి అసలే చెప్పలేదు. "నాన్నకి ఇంటినుంచే పని" అన్నాం, నమ్మింది. మావారు ముందుజాగ్రత్తగా డజను అట్టపెట్టెలు తెచ్చి, మార్కర్‌తో పేర్లు రాసి, మడిచి బట్టల అలమర వెనక దాచారు.

"కొనడమెందుకే, నేను చేస్తాగా" అన్నాను. ధైర్యం ఎక్కడిదంటే, చిన్నప్పుడు మా బడిలో ఝాన్సీలక్ష్మి వేషానికి మా అమ్మ అట్టముక్క కోసి, సిగరెట్ పెట్టెల్లోని వెండికాగితం అంటించి కత్తి చేసిచ్చింది. ఆ కత్తి నాటకం పూర్తికాకుండానే వంగిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

పెట్టె కొలత 16 అంగుళాల ఎత్తు, 12 వెడల్పు, 12 లోతు. ఆ లోతుతో పిల్ల ఫ్రిజ్‌లా కనబడుతుంది. అందుకని అతుకు విప్పి, లోతు ఎనిమిదికి తగ్గించి, లోపలి వైపు బయటికి తిప్పి మళ్ళీ టేపు వేశాను. ఇలా తిప్పితే బయట అచ్చు అక్షరాలు ఉండవు, గుర్తుపెట్టుకోండి. అడుగు తీసేసి, పైన మెడకి గుండ్రంగా కోశాను. మొహం పెట్టెమీదే గీస్తాం కాబట్టి పిల్ల తల బయటే ఉంటుంది, రోడ్డు కనబడుతుంది. చేతుల కంతలు మాత్రం మొదట కిందకి కోసేసి పెంగ్విన్‌ని చేశాను. మీరు పిల్లని నిలబెట్టి భుజం దగ్గర గుర్తు పెట్టుకునే కొయ్యండి. భుజాలు ఒరుసుకోకుండా లోపల పాత చీర ఫాల్‌తో పట్టీలు కుట్టాను.

అట్టమీద పచ్చరంగు మురికిగా కనబడుతుందని ముందు మైదా ఉడికించి తెల్లకాగితం అంటించాను. రంగు సీసా ముందుకీ పక్కలకీ సరిపోయింది, వీపుకి మిగల్లేదు. ఇంకో సీసాకి వెళ్ళబుద్ధి కాలేదు. మిగిలిన మైదాలో రెండు చెంచాల పసుపు కలిపి రాసేశాను! ఎండకి వెలుస్తుంది గానీ ఒక్కరోజుకి భేషుగ్గా సరిపోయింది. సున్నం మాత్రం తగలనివ్వకండి, స్పాంజ్‌బాబ్ కుంకుమభరిణె అవుతాడు. చిల్లులకి నా గాజులు పెట్టి గుండ్రాలు గీశాం. కింద తెల్ల చొక్కా పట్టీ, ఎర్ర టై, గోధుమరంగు లాగు. మొత్తం ఏడు డాలర్లు దాటలేదు.

ఇదంతా సరే. మొదట కత్తెర పట్టుకుని పెట్టె ముందు కూచున్నప్పుడు పాప వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఇది కోసేస్తే మన సామాన్లకి సరిపోతాయా?"

నాకు నోట మాట రాలేదు. "ఏం సామాన్లు?" అన్నాను, కత్తెర వంకే చూస్తూ.

"ఇండియా వెళ్ళడానికి. నాన్న ఫోన్‌లో చెప్పారుగా. నాకు వేషం లేకపోయినా పర్లేదు."

ఎన్నాళ్ళ నుంచి తెలుసే అని అడిగితే భుజాలెగరేసింది. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. "ఒక్క పెట్టె తగ్గితే ఏం కాదులే" అని కోశాను. కోస్తూనే ఉన్నదంతా చెప్పాను, గడువుతో సహా. శ్రద్ధగా వింది. విన్నాక అడిగిన మొదటి ప్రశ్న, అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో హాలోవీన్ ఉంటుందా అని.

అక్టోబరు 31, మా లెక్కకి 41వ రోజు. వరండాలో దీపం వెలుగుతున్న ఇళ్ళకే వెళ్ళాలి, అదిక్కడి పద్ధతి. ఒకాయన "ఓహో, చీజ్ ముక్కా!" అన్నాడు. పిల్ల నడుం మీద చేతులు వేసుకోబోయింది, పెట్టె అడ్డమొచ్చింది. మిగతావాళ్ళంతా గుర్తుపట్టారు లెండి. ఒక పెద్దావిడ మాత్రం వీపు వాసన చూసి, ఇక్కడ ఎవరో కూర వండుతున్నారంది.

(మీరు కంగారుపడకండి. 55వ రోజున ఓ కంపెనీ పిటిషన్ వేసింది. ఆ కథ ఇంకోసారి.)

ఇంటికొచ్చి వాళ్ళ నాన్న పెట్టె పైకి లాగి తీస్తే, లోపలి వైపు ఆయన రాసిన 'వంటసామాను' అనే అక్షరాలు బయటపడ్డాయి. ఆయన గబుక్కున తిప్పబోయారు. పాప అప్పటికే కూడబలుక్కుని చదివేసింది.

"కరెక్టే నాన్నా," అంది చాక్లెట్లు నేలమీద బోర్లిస్తూ, "స్పాంజ్‌బాబ్ హోటల్లో వంటవాడే కదా!"