తెల్ల వరస

2009 జులై 6, సోమ
ఆఫీసు ఫ్యాక్స్ మెషీన్ పోయింది. మెకానిక్ విప్పి చూసి, "ఇగ తూకానికి అమ్ముకోర్రి" అన్నాడు. మోడెం ఉంది, లైన్ ఉంది. స్కానర్ ఇచ్చేది బీఎంపీ బొమ్మ. అవతలి మెషీన్‌కి కావాల్సింది గ్రూప్ 3 అనే ఫ్యాక్స్ పద్ధతి. మధ్యలో నేను.

జులై 7
ఫ్యాక్స్‌లో వరసకి 1728 చుక్కలు. ఏ4 కాగితం 200 డీపీఐలో 1654 వస్తుంది. 74 తక్కువ. అటు 37, ఇటు 37 తెల్లవి అతికించా.

జులై 8
ఇన్‌వాయిస్ తలకిందులు. బీఎంపీలో అడుగు వరస ముందుంటుందట. తిప్పడానికి స్క్రిప్ట్ రాశా. రెండు గంటలు. ఆ పని చేసే కమాండ్ బొమ్మలు మార్చే నెట్‌పీబీఎంలో ఎప్పట్నుంచో ఉందని సాయంత్రం తెలిసింది.

జులై 9
నలుపూ తెలుపూ తారుమారు. ముంబై నుంచి ఫోన్. "మీ పేజీ వచ్చింది. మా టోనర్ అయిపోయింది."

జులై 10
మామూలు ఫ్యాక్స్‌కి నిలువునా అంగుళానికి 98 వరసలే. నేను 200 పంపా. కంపెనీ ముద్ర కోడిగుడ్డులా సాగింది. లెటర్‌హెడ్ మీద ఇంకా పాత ఎయిర్‌పోర్ట్ ఉన్న బేగంపేట అడ్రసే. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ తెరిచింది పోయినేడు మార్చి 23న. అడ్రస్ మాత్రం ఫ్యాక్స్‌లో చాలా స్పష్టంగా వస్తోంది.

జులై 11, శని
కొత్తూరు దాటాక బస్సు ఆగింది. గంటసేపు. దగ్గర్లోని షాద్‌నగర్‌లో ఎన్నార్‌ఎస్‌సీ డిష్‌లు ఉపగ్రహాల కోసం ఆకాశంలోకి చూస్తూ ఉంటాయి. 1988లో ఎగిరిన ఐఆర్‌ఎస్-1ఏలో ఒక కెమెరాకి ఒక్కో చుక్క 72.5 మీటర్లు. మా వీధిలో సగం ఒక్క చుక్కలో పడుతుంది. నాకు 1728 ఉన్నా సార్ సంతకం పట్టడం లేదు.

జులై 13
సొట్టపోయిన పెట్టె ఫొటో. ఇన్సూరెన్స్‌కి పంపాలి. డిథరింగ్ చేస్తే, అంటే బూడిద రంగుని నల్ల, తెల్ల చుక్కలుగా చల్లితే, ఫ్యాక్స్ ఫైలు కుదించకముందు కంటే పెద్దదైంది. ఒంటరి తెల్ల చుక్కకి 6 బిట్లు, ఒంటరి నల్ల చుక్కకి 3. రెండు చుక్కలకి తొమ్మిది. 1728 తెల్ల చుక్కల ఖాళీ వరసకి మొత్తం 17.
వరస నలుపుతో మొదలైనా ముందు "తెల్లవి సున్నా" అని చెప్పాల్సిందే. దానికో 8 బిట్లు. శుభలేఖ మీద శ్రీరస్తులాగ.

జులై 14
డిథరింగ్ తీసేశా. త్రెషోల్డ్ పెట్టా: హద్దు కంటే ముదురైతే నలుపు, లేతైతే తెలుపు. ఫైలు చిన్నదైంది. పెట్టె నున్నగా, నల్లగా, పలకలా ఉంది. సార్ చూసి, "గిట్ల మంచిగుంది. పంపు."

జులై 16
ఇన్సూరెన్స్ వాళ్ల ఫోన్. పెట్టె బాగానే ఉంది కదా, క్లెయిమ్ దేనికండీ అని.
పెట్టె నా టేబుల్ కిందే ఉంది. కాళ్లు సొట్టలో పెట్టుకుంటున్నా.