కట్ట కింద ఇల్లు

నడికుడి పేరు వినగానే చాలామందికి రైలు కూడలి జ్ఞాపకం వస్తుంది. నాకు మాత్రం ఆ పరిసరాలలోని ఒక చిన్న చెరువు, దాని మట్టికట్ట, కట్ట కింద ఉన్న మా అమ్మమ్మగారి ఇల్లు కళ్ళకు కడతాయి.

నాకు పన్నెండేళ్ళ వయస్సులో, మూడు రోజుల ముసురు వెలిసిన ఉదయాన, కట్ట వెనుక ఎలుక బొరియ నుండి నీరు ఊరుతూ కనిపించింది. తడిమట్టితో దానిని మూయబోయాను. తూము చూసే వృద్ధుడు పరుగున వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

“మట్టితో మూయకు నాయనా! నీళ్ళు ఇంకోచోట పొడుచుకొస్తాయి. ముందు వాటి రంగు చూడు.”

దోసిట పట్టి చూశాను. బురదనీరు. తేటనీరు కారితే కనిపెట్టి ఉండాలి. బురదనీరు వస్తే కట్టలోని మట్టి కొట్టుకొని వస్తున్నదని అర్థం. ఆయన కేకకు ఊరంతా కదిలింది. ఊట చుట్టూ బస్తాలు పేర్చి, లోపల ఇసుక, దానిపై గులకరాళ్ళు, ఆపైన పెద్దరాళ్ళు పరిచారు. నీటికి దారి విడిచి, మట్టికి దారి మూశారు. తూము ఎత్తి నీటిమట్టం తగ్గించారు. సాయంత్రానికి ఊట తేటపడింది. అయినా అమ్మమ్మ ఆ రాత్రంతా అరుగుమీదనే కూర్చుంది.

తరువాత పరిశోధన చేస్తున్న రోజులలో కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం చదివాను. క్రీ.శ. 1369 నాటి ఆ సంస్కృత శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను చెబుతుంది. కట్ట నుండి నీరు కారడం ఆ దోషాలలో ఒకటి. అక్షరం రాని వృద్ధుని జ్ఞానానికి ఎంత పూర్వచరిత్ర ఉన్నదో అప్పుడు తెలిసింది.

ఇటీవల మళ్ళీ వెళ్ళాను. కట్టనిండా సర్కారు తుమ్మ. దాని వేళ్ళు చచ్చి కుళ్ళితే అవే నీటికి సొరంగాలు. అలుగుపై ఇసుక బస్తాలు!

“ఇంకో అడుగు నీళ్ళు నిలుస్తాయి కదా మాస్టారూ! పైరు ఎండిపోతుంటే ఏం చేయమంటారు?” అన్నాడొక యువరైతు.

అతని బాధ నిజమైనదే. కానీ మట్టికట్ట తనమీదుగా పొర్లే నీటిని భరించలేదు. 2021 నవంబరు 19న చెయ్యేటి వరద పొంగిపొర్లి అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకుపోయింది. దిగువ గ్రామాలలో ఎందరో మరణించారు. అదే ఏడాది వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం పెద్ద ఆనకట్టలకే వర్తిస్తుంది. ఇటువంటి చిన్న చెరువుకు ఊరి కన్నే కాపలా.

“ఆ అడుగును పైన కాదు, అడుగున వెతుకుదాం. పూడిక తీస్తే నీరూ నిలుస్తుంది, పొలానికి ఒండ్రూ దక్కుతుంది” అన్నాను.

అతడు కాసేపు ఆలోచించి, మొదటి బస్తా తానే ఎత్తాడు. రెండవది నేను పట్టుకున్నాను. కట్ట కింద అమ్మమ్మ ఇంటి అరుగుమీద ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారు.