వెనక చక్రాలకి డిస్కు బ్రేకులు.. ఎంతవరకు అవసరం?

డ్రమ్ము పాతది, డిస్కు కొత్తది, కాబట్టి డిస్కే మంచిది. ఈ లెక్క మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా అలవాటైన లెక్కే. పాత మాడ్యూల్ పీకేసి కొత్తది పెట్టేస్తే సిస్టమ్ అంతా బాగుపడిపోతుందని మేనేజర్లు నమ్మినట్టే, వెనక డ్రమ్ములు పీకేసి డిస్కులు బిగిస్తే జీపు గభాల్న ఆగిపోతుందని ఫోర్ బై ఫోర్ బళ్ళ వాళ్ళు నమ్ముతున్నారు. నాకైతే ఆ నమ్మకం సగమే నిజమనిపిస్తోంది. మిగతా సగం ప్రాణాల మీదకి తెచ్చేది.

జావా రాసుకునేవాడివి, బ్రేకుల గొడవ నీకెందుకయ్యా అంటారేమో! చదివింది మెకానికలేనండి :) పైగా ఇది మా ఇంటి గొడవ. మాది అమలాపురం. మా పెదనాన్నగారి అబ్బాయికి 2014 నాటి థార్ ఉంది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. అల్లవరం వైపు రొయ్యల చెరువులున్నాయి, రోజూ ఆ గట్ల మీదే తిరుగుడు. పొద్దున్న పిల్లలిద్దర్నీ అదే బండిలో బడికి దింపుతాడు. వానాకాలం వచ్చిందంటే బ్రేకు సరిగ్గా పట్టడం లేదని, వెనకాల కూడా డిస్కులు వేయించేస్తానని పట్టుబట్టాడు. ఎవరో కిట్ అమ్మేవాళ్ళు ఫొటోలు కూడా పంపించారు. "ఒరే తమ్ముడూ, నువ్వు ఇంజనీరువి కదా, ఓసారి చూసి చెప్పు" అన్నాడు.

ముందు డిస్కు గొప్పతనం ఒప్పుకుందాం. డిస్కు బయటికి ఉంటుంది. నీళ్ళలోంచి బండి పైకొచ్చాక చక్రం తిరిగే వేగానికే చాలా నీళ్ళు విసిరికొట్టేస్తుంది, మిగిలింది ప్యాడ్లు తుడిచేస్తాయి. డ్రమ్ము అలా కాదు, మూతపెట్టిన గిన్నె లాంటిది. వెనక ప్లేటు సందుల్లోంచి లోపలికెళ్ళిన నీళ్ళూ, బురదా తొందరగా బయటికి రావు. ఆ బురదే గరుకు కాయితంలా లైనర్లని అరగదీసేస్తుంది. ఇంకోటి వేడి. మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాట్ దిగేటప్పుడు అదేపనిగా తొక్కితే డ్రమ్ము వేడెక్కి పట్టు తగ్గుతుంది. డిస్కు గాలికి తొందరగా చల్లారుతుంది. కానీ కోనసీమలో ఘాట్లెక్కడివండీ! మన సమస్య వేడి కాదు, నీళ్ళు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో రోడ్లు మునిగిపోయి పడవల మీద తిరిగారు జనం. అంత వరద రాకపోయినా నాలుగు వానలు పడితే చాలు, చెరువు గట్లు చక్రం లోతు బురదైపోతాయి. పైగా ఉప్పునీళ్ళు, తుప్పు.. కాబట్టి మా అన్నయ్య కోరిక అర్థం లేనిదేం కాదు.

ఇక డిస్కు వేస్తే బండి తొందరగా ఆగుతుందా అన్న ప్రశ్న. బండిని చివరికి ఆపేది రోడ్డు మీద టైరుకున్న పట్టు. పొడి రోడ్డు మీద పాత బ్రేకే చక్రాన్ని లాక్ చెయ్యగలిగితే, కొత్త బ్రేకొచ్చి దాన్ని ఇంకా ఎక్కువగా లాక్ చెయ్యలేదు కదా!

చిన్న లెక్క వేద్దాం. మనుషులతో కలిపి బండి 1,800 కేజీలు, ముందూ వెనకా చెరో 900 అనుకుందాం. ఇరుసుల మధ్య దూరం సుమారు 2.4 మీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి 0.7 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. 0.7 జీతో గట్టిగా బ్రేకేస్తే 1,800 × 0.7 × 0.7 ÷ 2.4, అంటే దాదాపు 370 కేజీల బరువు వెనక నుంచి ముందుకి మారిపోతుంది. ముందు 1,270, వెనక 530. అంటే 70:30. వెనక చక్రాలు చెయ్యగలిగే పని ఆ ముప్పై వంతే. దానికి డ్రమ్ము చాలు. కంపెనీ వాళ్ళు డబ్బులు మిగుల్చుకోడానికి డ్రమ్ము పెట్టారనేది నిజమే కావచ్చు, కానీ కారణం అదొక్కటే కాదు. 2020లో వచ్చిన రెండో తరం థార్‌కీ వెనక డ్రమ్ములే పెట్టారు. 2024లో వచ్చిన థార్ రాక్స్‌లో వెనక డిస్కులు ఇచ్చారు, కానీ అక్కడ ఏబీఎస్ తో సహా మొత్తం సిస్టమ్‌ని దానికి తగ్గట్టే డిజైన్ చేశారు. తేడా అంతా అక్కడే ఉంది.

వెనక చక్రాలకి బ్రేకు మరీ ఎక్కువైతే ఏమవుతుంది? ముందు చక్రాల కన్నా ముందే అవి లాక్ అయిపోతాయి. అప్పుడు బండి తోక పక్కకి తిరిగిపోతుంది. నాలుగు లైన్ల హైవే మీదైతే సర్దుకోడానికి కాస్త చోటుంటుంది. మన రోడ్లకి ఒక పక్క కాలవ, ఇంకో పక్క బోదె. తడి రోడ్డు మీద రెండడుగులు అటూ ఇటూ అయితే పిల్లలతో సహా కాలవలోనే.

అసలు కిట్ అమ్మేవాళ్ళు చెప్పని సంగతులు చాలా ఉన్నాయి. డ్రమ్ములో ఒక సుఖం ఉంది. తిరిగే డ్రమ్మే ముందు షూని తనలోకి లాక్కుని ఇంకా గట్టిగా పట్టుకునేలా చేస్తుంది. డిస్కుకి ఆ సాయం లేదు, మొత్తం బలం బ్రేకాయిల్ ప్రెషర్ నుంచే రావాలి. కాలిపర్ పిస్టన్ పెద్దది కాబట్టి ఆయిల్ కూడా ఎక్కువ తాగుతుంది. పాత మాస్టర్ సిలిండర్‌తోనే లాగిద్దామంటే పెడల్ లోపలికి దిగిపోవచ్చు. కొన్ని బళ్ళలో డ్రమ్ముల కోసం లైనులో కొంచెం ప్రెషర్ నిలబెట్టే వాల్వ్ ఉంటుంది. అది అలాగే ఉంచేస్తే డిస్కు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. ముందూ వెనకా ప్రెషర్ పంచే ప్రపోర్షనింగ్ వాల్వ్ కూడా డ్రమ్ముల లెక్కకి సెట్ చేసిందే.

ఇక హ్యాండ్ బ్రేకు. అది ఉండేది వెనక డ్రమ్ములోనే. డ్రమ్ము తీసేస్తే అదీ పోతుంది. అమెరికాలో ఈ మార్పిడి పాత ముచ్చటే. అక్కడి జీపుల వాళ్ళు డిస్కులతో వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వెనక ఇరుసునే తెచ్చి బిగించుకుంటారు, ఎందుకంటే హ్యాండ్ బ్రేకు దాంతోపాటే వస్తుంది. ఇంకొందరు హ్యాండ్ బ్రేకు ఉన్న పాత క్యాడిలాక్ ఎల్డొరాడో కాలిపర్లు వెతుక్కుంటారు. మా అన్నయ్యకొచ్చిన కిట్‌లో దాని ఊసే లేదు. సఖినేటిపల్లి రేవులో బండిని పంటు ఎక్కించినవాళ్ళని అడగండి, హ్యాండ్ బ్రేకు విలువేంటో చెప్తారు!

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకీ అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు ఏం వెతుకుతారో వేరే చెప్పాలా?

ఇదంతా చెప్పాక అన్నయ్య "అయితే తడి బ్రేకులతోనే చావమంటావా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఇద్దరం మెకానిక్ దగ్గరకెళ్ళాం. ఆయన వెనక డ్రమ్ములు రెండూ విప్పి, "డిస్కుల సంగతి తర్వాత చూద్దాం గానండి, ముందు ఇది చూడండి బాబూ" అన్నాడు. ఎడమ వైపు వీల్ సిలిండర్ కారి లైనర్లు ఆయిల్లో నానిపోయాయి. కుడి వైపు ఎండిపోయిన బురద అచ్చు కట్టింది, అడ్జస్టర్ తుప్పుతో బిగుసుకుపోయింది. డ్రమ్ములు విప్పి ఎన్నాళ్ళయిందో అన్నయ్యకే గుర్తు లేదు. అంటే ఇన్నాళ్ళూ బండి ఆగింది దాదాపు ముందు బ్రేకుల పుణ్యాన!

రెండు వైపులా వీల్ సిలిండర్లూ, లైనర్లూ మార్పించాం. అడ్జస్టర్లు శుభ్రం చేయించి, పాత బ్రేకాయిల్ మొత్తం తీయించి కొత్తది పోయించాం. ఈ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. కోనసీమ తేమలో రెండేళ్ళకోసారైనా మార్చాలని నా అభిప్రాయం. ఇప్పుడు బండి తిన్నగా ఆగుతోంది. నీళ్ళు దాటిన వెంటనే మొదటి నొక్కు మాత్రం ఇప్పటికీ మెత్తగానే ఉంటుంది. వెనక చూసుకుని, నెమ్మదిగా పోతూ పెడల్ మీద కొన్ని సెకన్లు కాలు ఆన్చితే ఆరిపోతుంది.

డిస్కులు వద్దని నేను అనను. రోజూ బురదలో తిరిగేవాడికి అవి మేలే. అయితే మాస్టర్ సిలిండర్, వాల్వ్, హ్యాండ్ బ్రేకు, కాయితాలు అన్నీ కలిపి ఒకే పనిగా చెయ్యగలిగినవాళ్ళు, చేశాక ఖాళీ చోట ముందు చక్రాలే ముందు లాక్ అవుతున్నాయని పరీక్షించి చూపించగలిగినవాళ్ళు దొరికినప్పుడే. అందాకా ఏటా తొలకరికి ముందు డ్రమ్ములు విప్పించండి. ఒక్క పూట పని, మీరూ దగ్గరుండి లోపల ఏముందో చూడండి.