రాతి మెట్లూ, చక్కెర ముక్కలూ

"డాక్టరుగారూ, మావారికి చక్కెర వ్యాధి ఉంది. పిల్లల దగ్గరకు విదేశం వెళ్ళి నాలుగు ఊళ్ళు తిరిగి రావచ్చునా?" అని అడిగే గృహిణులు చాలామంది ఉన్నారు. తప్పకుండా రావచ్చును. అయితే ఎలా తిరగాలో చెప్పేముందు, డాక్టరునై ఉండి నేనే చేసిన ఒక పొరపాటు చెప్పుకోవాలి.

2023 సెప్టెంబరులో అక్కయ్యతోనూ బావగారితోనూ కలిసి ఫ్రాన్సు వెళ్ళాను. మేనకోడలు అక్కడ తులూజ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నది. ఆ దేశపు నైరుతి భాగంలో, దోర్దోన్ నది పారే ప్రాంతంలో, సార్లా అనే పట్టణం దగ్గరి ఒక పల్లెలో వారం రోజులకు ఇల్లు అద్దెకు తీసుకున్నది. చుట్టూ అక్రోటు తోటలు. మూరెడు మందం రాతిగోడలు. కిటికీలకు బయటివైపు చెక్క తలుపులు. పొద్దెక్కగానే వాటిని మూసేసి, చల్లబడ్డాక తెరవడం అక్కడివారి అలవాటు. మన పాత మండువా ఇళ్ళలోనూ ఇదే పద్ధతి. 2003 ఆగస్టు ఎండలకు ఫ్రాన్సులో సుమారు 15 వేల మంది, ఎక్కువగా వృద్ధులు, చనిపోయారు. చల్లని దేశం కదా అని వేసవిలో వెళ్ళేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సార్లా చూడముచ్చటైన ఊరు. ఇళ్ళన్నీ తేనెరంగు రాయి. పాత ఇళ్ళ కప్పులకు సైతం పెంకులకు బదులు రాతిపలకలు. పాత పట్టణాలను కూలగొట్టకుండా కాపాడాలని 1962లో చేసిన చట్టం కింద మొదట బాగుచేసిన ఊళ్ళలో ఇదొకటి. బుధవారం, శనివారం ఉదయం సంత. వీధులు మాత్రం ఎగుడుదిగుడు రాళ్ళవి. చక్కెర వ్యాధి చాలాకాలంగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. బొబ్బ లేచినా తెలియదు. అందుచేత చెప్పులు కాక మెత్తని బూట్లు, మేజోళ్ళు వేసుకోవాలి. రాత్రి పడుకోబోయేముందు అరికాళ్ళు చూసుకోవాలి. చూసుకోలేనివారికి ఇంట్లో మరొకరు చూడాలి. బావగారి అరికాళ్ళు రోజూ అక్కయ్య చూసేది.

భోజనం సంగతి. అక్కడ బాతు కొవ్వుతో వండడం ఎక్కువ. సార్లా పేరు పెట్టుకున్న బంగాళాదుంపల వేపుడు కూడా ఆ కొవ్వులో వేయించేదే. శాకాహారులు "మాంసం లేదు కదా" అని అడిగి ఊరుకుంటే చాలదు, "ఏ నూనె?" అని కూడా అడగాలి. మేము పొద్దున రొట్టె, జున్ను, పండ్లతో సరిపెట్టుకుని రాత్రి ఇంట్లో వండుకున్నాము.

ఒకరోజు లాస్కో వెళ్ళాము. ఆదిమానవులు సుమారు 17 వేల ఏళ్ళ క్రితం ఎద్దులనూ గుర్రాలనూ చిత్రించిన గుహ అది. 1940లో నలుగురు కుర్రవాళ్ళ కంటపడింది. 1948లో జనాన్ని లోపలికి వదిలారు. వేలమంది వదిలిన ఊపిరి, దానిలోని తేమ, దీపాల వెలుతురు కలిసి గోడలకు పాచి పట్టించాయి. 1963లో మూసివేశారు. ఇప్పుడు చూసేది 2016లో తెరిచిన నకలు గుహ. ఊపిరివల్ల మనుషులకు రోగాలు అంటడం ఎరుగుదును గాని, గోడలకు అంటడం అక్కడే విన్నాను.

ఇక అసలు సంగతి రొకమదూర్‌లో జరిగింది. కొండ కొమ్మున కోట, మధ్యలో నల్లని మేరీమాత విగ్రహమున్న గుడి, కింద ఒకే వీధి. వీధినుంచి గుడికి 216 మెట్లు. పూర్వం యాత్రికులు వాటిని మోకాళ్ళమీద ఎక్కేవారట. "మన మోకాళ్ళపర్వతం లాగానే" అన్నది అక్కయ్య. లిఫ్టు ఉన్నది. బావగారు వద్దన్నారు. పొద్దున ఎనిమిదింటికి ఆయన గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని రెండు రొట్టెముక్కలు తిన్నారు. "దిగివచ్చాక భోజనం చేద్దాం లెండి బావగారూ" అన్నాను. నా పొరపాటు అదే.

దిగేసరికి రెండున్నర. ఆ పల్లెటూళ్ళలో చాలా హోటళ్ళు మధ్యాహ్నం పన్నెండుకు వడ్డన మొదలుపెట్టి రెండింటికి పొయ్యి ఆర్పేస్తాయి. మూడు చోట్ల లేదన్నారు. అంతలో బావగారు అక్కయ్యమీద కేకలు వేశారు. నలభై ఏళ్ళలో గొంతు పెంచి ఎరుగని మనిషి! అలసట అనుకున్నాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటతో తడిసి ఉన్నది. రక్తంలో చక్కెర పడిపోతున్నదన్నమాట.

ఆ మాత్ర తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను ఊరిస్తూనే ఉంటుంది. పైగా నడక చక్కెరను ఖర్చుచేస్తుంది. పరీక్ష చేసే మీటరు ఇంట్లో వదిలివచ్చాను. అయినా అటువంటప్పుడు పరీక్షకోసం ఆగకూడదు. మేనకోడలు చాక్లెట్ తీసింది. వద్దన్నాను. అందులోని కొవ్వువల్ల చక్కెర రక్తానికి ఎక్కడం ఆలస్యమవుతుంది. పక్కనున్న కాఫీకొట్టు ముసలమ్మ మా కంగారు చూసి, అడగకుండానే చక్కెర బిళ్ళల గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఒక్కొక్కటి ఐదారు గ్రాములు ఉంటుంది. మూడు నమిలించాను. పావుగంటకూ వణుకు తగ్గలేదు. మరో మూడు. అప్పుడు "ఏమోయ్ డాక్టరూ, నేనేమైనా అన్నానా?" అని అడిగారు. అక్కయ్య కళ్ళు తుడుచుకున్నది. తరువాత రొట్టె, జున్ను పెట్టించాము. ఈ రకం మాత్రల ప్రభావం చాలాసేపు ఉంటుంది. అందుకని చక్కెర మళ్ళీ పడవచ్చునని రాత్రి పడుకునేముందు, తెల్లవారుజామున కూడా పరీక్షించాను.

స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే అంబులెన్సును పిలవాలి. యూరప్‌లో ఆ నంబరు 112. రక్తపోటుకు కొన్నిరకాల మాత్రలు వాడేవారిలో గుండెదడ, వణుకు కనపడకపోవచ్చు. చెమట పడుతుంది. చెమటనూ చికాకునూ నమ్మండి. మందుల చీటీలో కంపెనీ పేరు కాక అసలు మందు పేరు రాయించుకోండి. మన కంపెనీ పేర్లు అక్కడి మందుల షాపులో తెలియవు. ఇన్సులిన్ సామాన్ల పెట్టెలో వేస్తే విమానంలో గడ్డకట్టవచ్చు, చేతిసంచిలోనే ఉంచుకోండి.

మరునాడు దోమ్ వెళ్ళాము. పేరు విని భయపడకండి, దోమలతో సంబంధం లేదు. 1281లో కొండమీద కట్టిన కోట ఊరు. అక్కడినుంచి దోర్దోన్ లోయ అంతా కనపడుతుంది. సరిగ్గా పన్నెండింటికి భోజనానికి కూర్చున్నాము. తిన్నాకనే కోట గోడ చుట్టూ నడిచాము. కాఫీతో వచ్చిన చక్కెర బిళ్ళలను బావగారు ఎవరూ చూడకుండా కోటు జేబులో వేసుకోవడం నేను చూశాను. విజయవాడ చేరిన వారానికి అక్కయ్య ఫోన్ చేసి, బీరువాలో కోటునిండా చీమలున్నాయని తిట్టింది.